తరగతి గదిలో ఎరుక: మౌనం, స్మృతి, ప్రశ్న

మైండ్‌ఫుల్‌నెస్ అన్న పదానికి తెలుగులో ‘ఎరుక’, ‘సావధానత’ వంటి మాటలు వాడుకలో ఉన్నాయి. దీనికి మూలమైన పాలి పదం ‘సతి’. సంస్కృతంలో అది ‘స్మృతి’, అంటే జ్ఞాపకం. వర్తమాన క్షణంలో నిలవడమే ఎరుక అని చెప్పే నేటి బోధన ఈ అర్థాన్ని దాదాపు విస్మరించింది. ఇది నిఘంటువుకు మాత్రమే సంబంధించిన లోపం కాదు. కౌమార వయస్కులకు తరగతి గదిలో ఎరుకను నేర్పడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న దీనితోనే ముడిపడి ఉంది.

1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రోగుల కోసం ఆరంభించిన శిక్షణ కాలక్రమంలో బడులకు చేరింది. రోగి తన బాధతో తానే వెతుక్కుంటూ వచ్చాడు. విద్యార్థిని గంట కొట్టి కూర్చోబెడతారు. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో, ఎనిమిది వేలకు పైగా విద్యార్థులతో జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. మామూలుగా సాగే సామాజిక, భావోద్వేగ బోధన కన్నా ఈ శిక్షణ వల్ల అదనపు మేలు కనిపించలేదని అది తేల్చింది. చాలామంది పిల్లలు ఇంటివద్ద అభ్యాసమే చేయలేదు. దాన్ని సోమరితనమనడం తొందరపాటు. తాము అడగని ప్రశ్నకు వచ్చిన జవాబును పిల్లలు ఇంటిదాకా మోసుకుపోరు.

మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి వారి 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. ఇరుగుపొరుగున ఇందారం, శ్రీరాంపూర్ గనులు. గోదావరికి ఆవల గోదావరిఖని, రామగుండం. ఇక్కడి కార్మికుల పిల్లలకు మౌనం కొత్త కాదు. రాత్రి షిఫ్టు దిగివచ్చిన తండ్రి పగలు నిద్రపోతుంటే గొంతు తగ్గించడం, టీవీ కట్టేయడం చిన్ననాటనే అలవడతాయి. దీన్ని ధ్యానమని ఎవరూ అనరు. కానీ మరొకరి అలసటను గుర్తుంచుకొని మెలగడం స్మృతి అన్న మాటకు ఎంతో దగ్గర. భూగర్భ బాయిలో పైకప్పును తట్టి, ఆ మోతను చెవియొగ్గి వినే పద్ధతి ఉంది. డొల్లగా మోగితే ప్రమాదం. అక్కడ ఏకాగ్రత మనశ్శాంతి కోసం కాదు, పక్కనున్న మనిషి ప్రాణం కోసం. సతిపట్ఠాన సుత్తం కూడా శ్వాసతో మొదలుపెట్టి, తనలోనే కాక వెలుపలా గమనించమంటుంది.

పరీక్షల ఒత్తిడిలో ఉన్న పదో తరగతి పిల్లలకు పది నిమిషాల నిశ్శబ్దం మేలే చేయవచ్చు. దాన్ని కాదనవలసిన పని లేదు. అయితే కళ్లు మూసుకోవడానికి జంకే పిల్లలూ ఉంటారు. వారికి కళ్లు తెరిచి ఉంచే స్వేచ్ఛ ఉండాలి. అసలు చిక్కు మరొకటి. శ్వాసను గమనించమనగానే ‘ఈ గాలిలో ఏముంది సార్?’ అని ఒక అమ్మాయి అడిగితే? బొగ్గు, బూడిదల నడుమ పెరిగే పిల్లకు ఇంతకన్నా సహజమైన ప్రశ్న లేదు. ‘ఆలోచనలు వదిలెయ్, ఊపిరి చూడు’ అని ఉపాధ్యాయుడు బదులిస్తే, ఆ క్షణాన ఎరుక క్రమశిక్షణకు మారుపేరవుతుంది. గమనించమన్నవాడే గమనించినదాన్ని తోసిపుచ్చినట్లవుతుంది.

ఇదే గోదావరి తీరాన దీనికి భిన్నమైన ఒక తరగతి ఉండేది. సుత్తనిపాతంలోని పారాయనవర్గం ప్రకారం, అస్సక దేశంలో నది ఒడ్డున నివసించిన బావరి తన పదహారుగురు శిష్యులను బుద్ధుని వద్దకు పంపాడు. పంపింది పాఠం అప్పజెప్పడానికి కాదు, ప్రశ్నలు అడగడానికి. వారిలో మొదటివాడైన అజితుడు అన్ని దిక్కులకూ పారే ప్రవాహాలను అడ్డుకునేదేమిటని అడుగుతాడు. వాటిని సతి ఆపుతుందనీ, ప్రజ్ఞ మూసివేస్తుందనీ జవాబు వస్తుంది. అజితుడు అంతటితో తలవంచి కూర్చోడు. ఆ సతి, ఆ ప్రజ్ఞ సైతం ఎక్కడ అంతమవుతాయని మళ్లీ అడుగుతాడు. బుద్ధుడు ఆ ప్రశ్నకూ జవాబు చెబుతాడు.