సంతకం పెట్టి వెళ్ళమ్మా

తల్లిదండ్రులు బడికి రావాలని కోరుకునే టీచర్లలో నేనూ ఒకదాన్నని చాలాకాలంగా అనుకుంటున్నాను. మండల సమావేశాల్లో "పేరెంట్స్ సహకారం ఉండటం లేదు సార్" అని అందరితో పాటు గొంతు కలుపుతాను. కానీ నిజంగానే ఒక తల్లి వంటగది గుమ్మం దాకా వచ్చి గిన్నెలోకి తొంగిచూస్తే నాకెలా ఉంటుందో గమనించుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. నచ్చదు. ఆ చిన్న మాట ఒప్పుకోవడానికే నాకు చాలా సమయం పట్టింది.

మాది గోదావరి డెల్టాలో ఓ ప్రాథమిక పాఠశాల. నలభై మంది పిల్లలు. చట్టం మాటకొస్తే తల్లిదండ్రులకు లోటేమీ చేయలేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. భోజనం నాణ్యత, వంటగది శుభ్రత చూసే బాధ్యతను 2015 మధ్యాహ్న భోజన నిబంధనలు ఆ కమిటీకే అప్పగించాయి. మరి మేం చేసేదేమిటి? తీర్మానం ముందే రాసి పెట్టుకుంటాం. కూలికి పరుగు తీస్తున్న తల్లిని గేటు దగ్గర ఆపి, "ఇక్కడో సంతకం పెట్టి వెళ్ళమ్మా" అంటాం. ఏం రాశామో ఆమె అడగదు, మేం చెప్పం. పైగా కమిటీ చక్కగా నడుస్తోందని అనుకుంటాం.

ఒకరోజు ఒకామె అడిగింది. నాలుగో తరగతి పిల్ల తల్లి, నాట్లకీ కోతలకీ వెళ్తుంది. వడ్డన జరుగుతుంటే వచ్చి, కూతురి కంచంలోకి చూసి, "పప్పంటున్నారు గానీ మేడంగారూ, ఇందులో పప్పేదండీ?" అంది. ఎగతాళిగా అనలేదు. అడిగిందంతే. నేనేమన్నానో రాయడానికి సిగ్గుగానే ఉంది. "ఇంట్లో నువ్వు రోజూ పప్పు వండుతున్నావా?" అన్నాను. ఆమె నవ్వేసి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

అదే ప్రశ్న మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు అడిగి ఉంటే లేచి నిలబడి జవాబు చెప్పేదాన్ని. రిజిస్టరు తెచ్చి చూపించేదాన్ని. నాకు కోపం తెప్పించింది ప్రశ్నా, అడిగిన మనిషా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. అధికారులు వచ్చేది తప్పు పట్టుకోవడానికే కాబట్టి ఎవరడిగినా తనిఖీలాగే వినపడుతుందని మొదట సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజమే. రెండో సగం, చేలో పని చేసుకునే మనిషి నన్ను లెక్క అడగడమేమిటన్న అహం. దీన్ని ఇంకెంత మర్యాదగా చెప్పినా అబద్ధమవుతుంది.

ఆమె అడిగింది సరైన లెక్క. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకి పూటకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలి. 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అందాలి. నలభై మందికి 4 కిలోల బియ్యం, 800 గ్రాముల పప్పు. కాటా మా దగ్గరే ఉంది, బియ్యం తూచడానికి వాడతాం. పప్పెప్పుడూ తూచలేదు. 20 గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ నాలుగు గ్రాముల పైచిలుకు ఉంటుంది. అందులో సగం తగ్గితే ఇంట్లో మూడు పూటలా తినే పిల్లలకి పెద్ద తేడా తెలియకపోవచ్చు. బడి అన్నమే రోజుకి అసలు భోజనమైన పిల్లలకి తెలుస్తుంది.

పప్పు ఎందుకు పలచబడిందో నాకు తెలుసు. బియ్యం, గుడ్లు, చిక్కీ సరఫరా అవుతాయి. పప్పూ కూరలూ నూనే వంటామె కొని తేవాలి. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్లో అప్పు పెరుగుతుంది. కొట్టాయన ముఖం తిప్పుకుంటాడు, పప్పులోకి నీళ్ళు చేరతాయి. నెలకి 3000 రూపాయల గౌరవ వేతనం తీసుకునే మనిషి పిల్లల తిండికి తన చేతి డబ్బు ఎంతకాలమని పెడుతుంది? ఆమెనేమనాలో తెలియక ఊరుకున్నాను. నా ఊరుకోవడాన్ని జాలి అనుకున్నాను. నిజానికి అది గొడవెందుకులే అనే తత్వం. వంటామె ఇబ్బంది వంటామెకే మిగిలింది, పిల్లల కంచంలో నీళ్ళు మిగిలాయి, నాకు మాత్రం ప్రశాంతత మిగిలింది.

చివరికి సంగతి కమిటీలో పెట్టక తప్పలేదు. అంతకుముందు బిల్లుల కోసం పైఅధికారులకు నేను రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాక, ఇన్నాళ్ళూ వేలిముద్రకి మాత్రమే పిలిచిన ఒక సభ్యురాలు, "కొట్టాయన నాకు బాబాయి వరసండీ, నేను మాట్లాడతాను" అంది. మాట్లాడింది. బిల్లు వచ్చేదాకా పప్పు ఆగకుండా వచ్చింది. ఇంకొకామె పెరట్లో బొప్పాయిలు పంపింది, మరొకామె తోటకూర. ఇవి పెద్ద పనులేం కావు. కానీ నాకున్న డిగ్రీతోనూ రిజిస్టర్లతోనూ ఇందులో ఒక్కటీ జరగలేదు.

2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ అంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. తల్లిదండ్రులు పిల్లల పక్కన కూర్చుని బడి భోజనం తిన్నారు. ఆ రోజు మా బడిలో పప్పు చిక్కగా ఉంది. ఎందుకో వంటామెకీ తెలుసు, నాకూ తెలుసు. అన్నం పెట్టడంలో పేరుమోసిన డొక్కా సీతమ్మగారిది మా డెల్టాలోని లంకల గన్నవరమే. 1909లో పోయిన ఆవిడ పేరు 2024లో బడి భోజనానికి పెట్టారు. అతిథి వచ్చిన రోజే చిక్కబడే పప్పుకి ఆ పేరు బరువే.

ఇంకో పాత సంగతి. అన్నంలో తెల్లగా, కొంచెం తేడాగా కనిపించే గింజలు ఏరి తెచ్చి, "ప్లాస్టిక్ బియ్యం పెడుతున్నారండీ" అని కొందరు తల్లులు వచ్చారు. స్టాఫ్ రూంలో నవ్వుకున్నాం. అవి పోషక బియ్యపు గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా చేసి 100 కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపేవారు. కడిగేటప్పుడు కొన్ని తేలతాయి, అందుకే అనుమానం. వాళ్ళకి తెలియదని నవ్వాం. తెలియకపోవడం వాళ్ళ తప్పెలా అవుతుంది? మేం చెప్పలేదు మరి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గింజ తేడాగా ఉందని వాళ్ళు కనిపెట్టారు. రోజూ ముందుగా రుచి చూసి రిజిస్టర్లో రాసే నేను కనిపెట్టలేదు. ఒక ముద్ద నోట్లో వేసుకోవడం రుచి చూడటమే. తర్వాత నేను తినేది నా క్యారేజీలోది.

ఇక నా ఇంటి సంగతి. మావాడు పట్నంలో ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. పొద్దున నాతో పాటు టీ, రెండు బిస్కెట్లు. బాక్సులో వాడు తొందరగా తింటాడని బ్రెడ్డూ జామూ, తీరికున్న రోజు పులిహోర. సాయంత్రం సగం బాక్సు తిరిగొస్తుంది. జ్వరమొచ్చి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, తెలంగాణలో 70 శాతం. ఆ అంకెల్ని శిక్షణల్లో విన్నప్పుడల్లా నా తరగతి పిల్లలే గుర్తొచ్చేవారు. మావాడు ఒక్కసారీ గుర్తు రాలేదు. టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని పేరెంట్స్‌కి చెప్పేది నేనే.

వాడి స్కూల్లో తిండి గురించి నేనెప్పుడూ అడగలేదు. అడిగే హక్కు ఏముందని చూస్తే, 21వ సెక్షన్ కమిటీ ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు వర్తించదు. వేలకు వేలు ఫీజు కట్టే నాకు లేని కుర్చీని, పప్పేదని అడిగిన ఆ తల్లికి చట్టం వేసింది. ఆ కుర్చీలో ఆమె కూర్చోకుండా అడ్డం నిలబడ్డది నేను. ఇది తట్టిన రోజున ఏ శిక్షణా కదిలించనంతగా కదిలిపోయాను.

బడి ఎదురుగా బడ్డీ కొట్టు సంగతీ చెప్పాలి. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తినుబండారాల్ని బడి గేటుకి 50 మీటర్ల లోపల అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. మా గేటుకీ కొట్టుకీ మధ్య ఒక రోడ్డు. పిల్లలు ఐదు రూపాయల ప్యాకెట్లు అక్కడే కొంటారు. కొట్టు నడిపేది ఒకటో తరగతి పిల్లవాడి నాయనమ్మ. మా స్టాఫుకి టీ వచ్చేదీ అక్కడి నుంచే. ఆవిడ బతుకు గురించి ఆలోచించి మాట్లాడలేదని చెప్పుకుంటాను. టీ గురించి కూడా ఆలోచించాను. పొద్దున్నే పనికి పోయే తల్లులు వంటకి వేళలేక పిల్లల చేతిలో పది రూపాయలు పెట్టి పోతారు, ఆ పది ఆవిడ గల్లాకి చేరుతుంది. తమిళనాడు 2022లో బడుల్లో పొద్దున టిఫిన్ మొదలుపెట్టింది. మాకు వారంలో కొన్ని రోజులు రాగిజావ ఉంది. ప్యాకెట్ల బదులు వేరుశనగ ఉండలూ జామకాయలూ పెట్టమని ఆవిడని అడగాలని కమిటీలో ఒకరన్నారు. అడిగేది మాత్రం వాళ్ళే. నాకింకా నోరు రాలేదు.

మీ పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతుంటే ఏదో ఒక మధ్యాహ్నం చెప్పకుండా రండి. పప్పు తూచి చూపించమనండి. రుచి రిజిస్టర్లో ఎవరి సంతకం ఉందో, ఆ మనిషి ఆ పూట నిజంగా తిన్నారో లేదో అడగండి. తీర్మానం చదివి వినిపించాకే వేలిముద్ర వేయండి. టీచరు మొహం ముడుచుకోవచ్చు, ఆ టీచరు నేనే కావచ్చు. అయినా వెళ్ళిపోకండి.