ఎవరు పోసిన మురికి, ఎవరు తీయాలి?



పొరుగింటివాడు మన గుమ్మం ముందు చెత్త పోస్తే ఏం చేస్తాం? కొందరం పోట్లాడతాం. కొందరం ముక్కు మూసుకుని దాటిపోతాం. చీపురు పట్టేవారు బహు తక్కువ. "నేను ఊడిస్తే వాడికి అలుసైపోనూ?" అంటాం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని పాడైపోయింది గుమ్మం కాక ఒక నది అయితే?

పంజాబులో కాలీ బేయిన్ అనే చిన్న నది ఉంది. పొడవు సుమారు 160 కిలోమీటర్లు. సుల్తాన్‌పూర్ లోధీ వద్ద ఈ నదిలో స్నానానికి దిగినప్పుడే గురునానక్‌కు జ్ఞానోదయమైందని సిక్కుల నమ్మకం. అంతటి పుణ్యనదిలోకి ఒడ్డునున్న పట్టణాలూ పల్లెలూ తమ మురుగునంతా వదిలాయి. గుర్రపుడెక్క అల్లుకుని కొన్నిచోట్ల నీరే కనబడకుండా పోయింది. నదికి మొక్కిన చేతులే మురుగుకాలువను నదివైపు తిప్పాయి. భక్తి ఒక్కటే మనిషి చేతిని ఆపలేదని దీనివల్ల తెలియడం లేదా?

2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ తన అనుచరులతో నీళ్ళలోకి దిగి గుర్రపుడెక్క పీకడం మొదలుపెట్టారు. దీనిని వారు కారసేవ అంటారు, అంటే కూలి లేని పని. ఏళ్ళ తరబడి పూడిక తీశారు, గట్లు వేశారు, స్నానఘట్టాలు కట్టారు. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు స్వయంగా వెళ్ళి చూశారు.

అయితే పైనుంచి మురుగు వస్తూనే ఉంటే కింద డెక్క పీకి ఏం లాభం? అందుకే సీచేవాల్ గ్రామంలో మురుగును గొట్టాలతో గుంటలకు మళ్ళించారు. మడ్డి అడుగుకు దిగాక పైనీటిని పొలాలకు పెట్టారు. రైతుకు నీరూ, ఎరువూ రెండూ దక్కాయి. పెద్ద యంత్రాలేమీ లేవని గమనించండి.

"మరి మురుగు వదిలిన పట్టణాల మాటేమిటి? సేవకులు శుభ్రం చేస్తుంటే వాటికి ఇంకా తేలికే కదా!" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ తరువాతి సంవత్సరాలలో మురుగు మళ్ళీ చేరి చేపలు చచ్చి తేలిన సందర్భాలున్నాయి. నీటి కాలుష్యాన్ని అరికట్టే చట్టం మన దేశంలో 1974 నుండి ఉంది. దాన్ని అమలు చేయవలసినవారి పని భక్తులు భుజానికెత్తుకుంటే సరిపోదు. కాని నడుంలోతు బురదలో దిగినవాడు, తన ఊరి మురుగును ముందే మళ్ళించుకున్నవాడు వచ్చి అడిగినప్పుడు, "ముందు నీ ఇల్లు చక్కదిద్దుకో" అని అతణ్ణి ఏ అధికారి పంపించగలడు? దూరాన నిలబడి తిట్టేవాడికి ఆ బలం ఎక్కడిది?

ఇంతకూ మీ వంటింటి తూము నీళ్ళు ఏ కాలువలో కలుస్తున్నాయో, ఆ కాలువ ఏ చెరువులో, ఏ వాగులో పడుతోందో మీకు తెలుసా? వచ్చే ఆదివారం పూజ ముగిశాక, గుడి ఆవరణలో నిలబడిన నలుగురినీ ఈ మాట అడిగి చూడండి.