కిక్ కొట్టేది ఎవరైనా సరే

ఐర్లండ్‌లోని లిమరిక్ నగరంలో టోమండ్ పార్క్ అనే మైదానం ఉంది. మన్‌స్టర్ రగ్బీ జట్టుకు అది పుట్టిల్లు లాంటిది. మ్యాచ్ రోజున గ్యాలరీల నిండా ఎర్ర చొక్కాలే. పాటలతో, కేకలతో గొంతులు బొంగురుపోతాయి.

అదే జనాన్ని పెనాల్టీ కిక్ వేళ చూడాలి. ఆటగాడు కోడిగుడ్డు ఆకారపు బంతిని చిన్న ప్లాస్టిక్ ఆసరా మీద నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, గోల్ స్తంభాల వంక చూస్తాడు. అంతే, వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకుంటారు. ఎవరైనా మాట్లాడబోతే పక్కవాళ్లే వారిస్తారు. కిక్ కొట్టేది ఎదుటి జట్టువాడైనా ఇదే మర్యాద! గురి కుదిరితే అతని జట్టుకు 3 పాయింట్లు వస్తాయని తెలిసీ అతని ఏకాగ్రత చెడగొట్టరు. ఆటను ప్రేమించడమంటే నా దృష్టిలో ఇదే. రెండు జట్ల అభిమానులూ పక్కపక్క సీట్లలోనే కూర్చుంటారు, వాదించుకుంటారు కూడా.

1978 అక్టోబరు 31న ఇక్కడే మన్‌స్టర్ 12-0తో న్యూజిలాండ్‌ను ఓడించింది. ఐర్లండ్ జాతీయ జట్టుకు న్యూజిలాండ్‌పై తొలి విజయం దక్కింది 2016లో, అదీ షికాగోలో. మన్‌స్టర్ గెలిచిన రోజు మైదానంలో ఉన్నది సుమారు 12,000 మందే. "నేనూ అక్కడున్నాను" అనేవాళ్లు మాత్రం అంతకు ఎన్నో రెట్లు. వాళ్లవి అబద్ధాలని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆ మ్యాచ్ కథ వింటూ పెరిగిన పిల్లలకు, నాన్న చూసింది తామూ చూసినట్టే ఉంటుంది.