విల్లు పక్కన పెట్టాక

ఈ రోజు చదవవలసిన భాగం: 1 సమూయేలు 20:18–42

తిరునాళ్లలో బెలూన్లు వరసగా కట్టి, గుండుకు ఇంతని తీసుకుని పేల్పించే తుపాకీని ఒక్కసారైనా పట్టుకోని తెలుగువాళ్లు తక్కువ. ఎయిర్ రైఫిల్ ఆ కోవకు చెందినదే. మందు ఉండదు, గాలి ఒత్తిడే సీసపు గుండును ముందుకు తోస్తుంది. ఇంగ్లండ్‌లో ఆ తుపాకీతో ఆరుబయట గురి చూసే ఆట 1980లో ససెక్స్ ప్రాంతంలో మొదలై దేశమంతా పాకింది. ఊళ్ల చివరి చిట్టడవుల్లో, రైతుల బీళ్లలో ఈ క్లబ్బులు కనిపిస్తాయి. ఉద్యోగాల కోసం ఈ దేశం వచ్చి స్థిరపడిన మనవాళ్లు కూడా అక్కడక్కడా కనబడతారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. పోటీలు ఎక్కువగా ఆదివారం పొద్దున పెడతారు. ఆ వేళ నా చోటు సంఘారాధనలో ఉంది. అందుకని శనివారం సాధనకే వెళ్తాను. నాకు ఇష్టమైన రోజు కూడా అదే. పందెం ఉండదు, కబుర్లు ఉంటాయి.

ఆట ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. చెట్ల మధ్య కాలిబాట వెంట 30 చోట్ల మేకులు పాతి ఉంటాయి. మేకును ఆనుకుని బోర్లా పడుకునో, మోకాలి మీద కూర్చునో, నిలబడో కాల్చాలి. ఎదురుగా ఎలుక, కాకి, కుందేలు ఆకారాల్లో ఇనప బొమ్మలు. ఒక్కోదాని ఒంట్లో ఒక గుండ్రటి రంధ్రం, మరీ చిన్నవైతే 15 మిల్లీమీటర్లు. గుండు ఆ రంధ్రంలో దూరి వెనకున్న బిళ్లకు తగిలితే బొమ్మ వెనక్కి పడిపోతుంది, 2 పాయింట్లు. రేకుకు తగిలి ఆగితే 1. ఏదీ తగలకపోతే సున్నా. పడిన బొమ్మను పొడవాటి తాడు లాగి మళ్లీ నిలబెడతారు. రంధ్రం దొరకని ప్రతి గుండూ రేకు మీది రంగు లేపి బూడిదరంగు సీసపు మచ్చ వదులుతుంది. సాయంత్రానికి రంధ్రం చుట్టూ ఆ మచ్చలు ముసురుకుని ఉంటాయి. ఏది ఎవరిదో చెప్పలేం. మళ్లీ రంగు వేసేదాకా అవి అందరివీ.

గదిలో 10 మీటర్ల దూరాన కాల్చే ఒలింపిక్ ఆట వేరు. 2012లో ఇదే దేశంలో, లండన్‌లో, మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఆ ఆటలో కాంస్యం గెలిచినప్పుడు గురి అట్ట మధ్యనున్న చుక్క అర మిల్లీమీటరు. ఆ నైపుణ్యం ముందు మావంటి వాళ్లం ఎక్కడ! కానీ ఆ గదిలో గాలి వీచదు. అడవిలో వీస్తుంది. మా గుండు బరువు అర గ్రాము. చట్టం అనుమతించే శక్తి 12 ఫుట్ పౌండ్లే, అంతకు మించితే ప్రత్యేక లైసెన్సు కావాలి. అంత తేలికపాటి గుండు 45 గజాలు పోయేలోపు ఒక మోస్తరు పక్కగాలి దాన్ని రంధ్రం నుంచి రేకు మీదికో, రేకు అవతలికో తోసేస్తుంది. దూరం కొలిచే పరికరం వాడకూడదు. ఆట మొదలయ్యాక స్కోప్ మీది మరలు ముట్టుకోకూడదు. ఆకులెటు ఊగుతున్నాయో చూసుకుని, ఎంత దూరమో కంటితో అంచనా కట్టుకుని, ఊపిరి సగం వదిలి ట్రిగ్గర్ నొక్కాలి.

ఒంటరిగా ఎవరూ నడవరు. ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు కలిసి వెళ్తారు. నా కార్డు నా జోడీ చేతిలో, అతని కార్డు నా చేతిలో. నా గుండు ఎక్కడ తగిలిందో అతను చూసి రాస్తాడు. సాధన రోజుల్లో తన వంతు అయిపోయినవాడు లేచి, వెనకొచ్చేవాడికి గాలి సంగతి చెప్పి మరీ పోతాడు: “ఎడమ అంచు మీద పెట్టు, చెట్ల సందులోంచి తోస్తోంది.” ఆ మాట వల్ల అతని స్కోరు పెరగదు, నాది పెరుగుతుంది. ఈ చిన్న మంచితనం మీద నాకు చాలా గౌరవం.

ఇప్పుడు మన వాక్యభాగంలోకి వద్దాం. యోనాతాను ఆ పొద్దున పొలంలోకి వెళ్లింది సరదాగా గురి చూసుకోవడానికి వెళ్లినవాడిలాగే. చేతిలో విల్లు, వెంట ఒక చిన్నవాడు. చూసినవాళ్లు రాజకుమారుడు సాధనకు బయలుదేరాడనే అనుకుంటారు. యోనాతాను తండ్రి సౌలు రాజు తనను చంపజూస్తున్నాడని, అతని స్నేహితుడు దావీదు ఏసెలు అనే బండ దగ్గర దాక్కుని ఉన్నాడు. బాణం పిల్లవాడికి ఇవతల పడితే ప్రాణభయం లేదు, అవతల పడితే పారిపోవాలి. ఇద్దరూ ముందే అనుకున్న గుర్తు అది. పిల్లవాడు పరుగెత్తుతుంటే యోనాతాను వాడి తల మీదుగా అవతలికి వేశాడు.

మా సంఘంలో ఒక పదమూడేళ్ల కుర్రాడున్నాడు, వాళ్ల నాన్న అనుమతితో అప్పుడప్పుడు నాతో క్లబ్బుకు వస్తాడు. 14 నిండని పిల్లలు తుపాకీ పట్టుకోవాలంటే 21 నిండిన పెద్దవాళ్లు పక్కన ఉండాలని ఇక్కడి చట్టం. కారులో వస్తూ ఈ కథ చెప్పాను. కాసేపు ఊరుకుని అడిగాడు:

“అంకుల్, అంటే యోనాతాను మిస్ చేశాడా?”

“లేదు నాన్నా, అనుకున్నచోటే పడింది.”

“మరి టార్గెట్ ఏది?”

ఆ ప్రశ్న నన్ను ఈ అధ్యాయంలోకి మళ్లీ మళ్లీ లాగింది. ముందు రోజు భోజనపు బల్ల దగ్గర ఏం జరిగిందో చూడండి. అమావాస్య విందు రెండో రోజు. దావీదు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. స్నేహితుడి పక్షాన ఒక్క మాట మాట్లాడినందుకు సౌలు కన్నకొడుకు మీదికే ఈటె విసిరాడు. అంతకుముందు దావీదు మీదికీ విసిరాడు. ఆ ఈటె ప్రతిసారీ మనిషినే గురి పెట్టుకుంది, ఒక్కసారీ మనిషికి తగల్లేదు. తెల్లారేసరికి అదే ఇంటి కొడుకు విల్లు పట్టుకుని ఏ మనిషినీ గురి పెట్టకుండా బాణం వదిలాడు, ఆ బాణం ఒక మనిషిని బతికించింది. తండ్రి చేతిలోనూ కొడుకు చేతిలోనూ ఆయుధమే ఉంది. ఒకరిది పగతో విసిరిన చెయ్యి, ఇంకొకరిది ప్రేమతో లాగిన చెయ్యి.

వీళ్లది బెన్యామీను గోత్రం. గురికి పేరుపడ్డ గోత్రం అది. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో ఆ గోత్రంవాళ్లు 700 మంది ఎడమచేతి వాటంవాళ్లు కనబడతారు, తలవెంట్రుకకు గురిపెట్టి వడిసెల విసిరినా తప్పనివాళ్లు. అంత నేర్పు దేనికి ఖర్చయింది? గిబియాలో ఒక స్త్రీని చెరిచి చంపిన దుర్మార్గుల్ని అప్పగించకుండా కాపాడడానికి. ఆ యుద్ధం ముగిసేసరికి రిమ్మోను బండ దగ్గరికి పారిపోయిన 600 మంది తప్ప గోత్రమే తుడిచిపెట్టుకుపోయింది. ఆ గిబియాయే తర్వాత సౌలు ఊరు. అదే ఊళ్లో పెరిగిన యోనాతాను తన గోత్రపు విద్యను పొలంలోకి తీసుకెళ్లి, ఒక నిరపరాధిని తప్పించడానికి వాడాడు. ఇంకొన్నాళ్లకు సిక్లగులో తలదాచుకున్న దావీదు దగ్గరికి వచ్చి చేరిన విలుకాళ్లెవరో 1 దినవృత్తాంతములు 12వ అధ్యాయం చెబుతుంది. కుడి ఎడమ రెండు చేతులతోనూ రాళ్లు, బాణాలు వేయగల బెన్యామీనీయులు, సౌలు సొంత బంధువులు! దేవుడు ఆ గోత్రం చేతుల్లోని నేర్పును తీసేయలేదు, దాన్ని మళ్లించాడు. ఈ మూడు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన రోజున నా గుండె నిండిపోయింది.

ఇక ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపేసే చోటు 40వ వచనం. గుర్తు చేరింది, దావీదుకు అర్థమైంది. యోనాతాను అప్పుడే పరుగున బండ దగ్గరికి పోలేదు. ఏరుకొచ్చిన బాణాలతో వచ్చిన పిల్లవాడి చేతికి తన ఆయుధాలన్నీ ఇచ్చి ఊళ్లోకి పంపేశాడు. ఆ తర్వాతే దావీదు బయటికి వచ్చాడు. మూడుసార్లు సాగిలపడ్డాడు. ఇద్దరూ ముద్దు పెట్టుకుని ఏడ్చారు, దావీదు ఇంకా ఎక్కువగా ఏడ్చాడు. రాజ్యానికి వారసుడు ఒట్టి చేతులతో నిలబడ్డాడు, ఆ రాజ్యం ఎవరికి దక్కబోతోందో తెలిసి కూడా. మొదటి పరిచయంలోనే తన పైవస్త్రాన్నీ కత్తినీ విల్లునూ నడికట్టునూ దావీదుకు ఇచ్చేసిన మనిషి కదా. ఈ ప్రేమకు ఫలం చాలా ఏళ్ల తర్వాత కనబడుతుంది: సౌలు బల్ల దగ్గర దావీదు చోటు ఖాళీ అయింది, దావీదు బల్ల దగ్గర మాత్రం యోనాతాను కుంటి కొడుకు మెఫీబోషెతుకు చోటు దొరికింది.

మా క్లబ్బులో విజిల్ మోగితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. తుపాకీలో గుండు ఉంటే నేలలోకి వదిలేసి, దాన్ని కింద పెట్టి లేచి నిలబడాలి. ఎక్కడో తాడు చిక్కుపడి ఉంటుంది, ఎవరో ముందుకెళ్లి విప్పుతారు. వాళ్లు వెనక్కి వచ్చి మళ్లీ విజిల్ వేసేదాకా ఎవరూ తుపాకీ ముట్టుకోరు. కొత్తవాళ్లకు ఆ ఆలస్యం విసుగు. నేను మాత్రం ఆ కాసేపటి కోసం ఎదురుచూస్తాను, ఎందుకంటే మనుషులు మనసులో మాట చెప్పేది అప్పుడే. స్కోప్‌లో ఒక కన్ను పెట్టి ఉన్నప్పుడు ఎవరి బాధా ఎవరికీ కనబడదు.

నాతో ఎక్కువగా జోడీ కట్టేది రిటైరైన ఒక వడ్రంగి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తుపాకీ చెక్క దస్తా తనే చెక్కుకున్నాడు, బొటనవేలు ఆనేచోట అరిగి నున్నగా మెరుస్తుంది. ఒక శనివారం విజిల్ మోగాక, తుపాకీ గడ్డిలో పెట్టి, చెట్టుకు ఆనుకుని, నా మొహం చూడకుండా చెప్పాడు, భార్య తనను గుర్తుపట్టడం మానేసిందని. పొద్దున టీ ఇస్తే “మీరెవరో చాలా మంచివారు” అందట. ఆ మాట అంటున్నప్పుడు ఆ పెద్ద చేతులు నా స్కోరు కార్డును మడతపెడుతూ విప్పుతూ ఉన్నాయి. నేను ఏమీ బోధించలేదు. పక్కన నిలబడ్డాను. కాసేపయ్యాక, “మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తాను, మీకు అభ్యంతరమా?” అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. విజిల్ మళ్లీ మోగింది. కిందకి వంగి తుపాకీ తీసుకుని, ఎప్పటిలాగే గాలి సంగతి చెప్పాడు.

ఆ కుర్రాడి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఆ బండ వెనకే ఉంది. యోనాతాను కళ్లు బాణాన్ని చూస్తున్నాయి, మనసంతా దాక్కున్నవాడి మీద ఉంది. కేకవేసి తొందరపెట్టింది పిల్లవాడినే, వినవలసింది మాత్రం దావీదు. మనతో ఆడేవాళ్లలో, పనిచేసేవాళ్లలో, ఆరాధనలో మన పక్క కుర్చీలో కూర్చునేవాళ్లలో అలా దాక్కున్నవాళ్లున్నారు. నవ్వుతూనే ఉంటారు, టీ తాగుతూనే ఉంటారు. మన చేతిలో ఉన్నది పక్కన పెట్టేదాకా వాళ్లు బయటికి రారు. అది తుపాకీయే కానక్కర్లేదు. ఫోన్ కావచ్చు, వాదన కావచ్చు, మన కొడుకు మార్కుల గొప్ప కావచ్చు. ఈ రోజు ఎవరితో మాట్లాడబోతున్నారో ఒకసారి తలచుకోండి. వాళ్ల ఎదుట ఏది కింద పెట్టాలో ప్రభువునే అడగండి.

ప్రార్థన

ప్రభువా, గురి చూసే కన్ను, వణకని చెయ్యి నీవిచ్చినవే. వాటితో ఆడుకునే సంతోషాన్ని కూడా ఇచ్చావు, నీకు స్తోత్రం. యోనాతానుకు ఇచ్చిన మనసు నాకూ ఇవ్వు. నా స్నేహితుడి భార్య ఆ ఇంట్లో తన భర్త ఎవరో తెలియక కూర్చుని ఉంది. ఆమెను నీవు పేరుపెట్టి ఎరుగుదువు. పొద్దున టీ అందించే ఆ చేతులకు ఓపిక ఇవ్వు, రాత్రిపూట అతన్ని ఒంటరిగా విడిచిపెట్టకు. నాతో వచ్చే కుర్రాడు బాణాలు ఏరుతున్న వయసులో ఉన్నాడు, పెద్దవాళ్ల మధ్య ఏం జరుగుతోందో వాడికి తెలియదు. వాడు చూసేది మంచే అయ్యేటట్టు మమ్మల్ని నడిపించు. వచ్చే శనివారం నేను మళ్లీ ఆ చెట్టు దగ్గర నిలబడతాను. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో నాకు నేర్పు. యేసు నామమున వేడుకుంటున్నాను తండ్రీ, ఆమేన్.