చెరువు గట్టున చదువు

డిగ్రీలో పర్యావరణ అధ్యయనం అనగానే చాలామందికి పరీక్ష ముందు రాత్రి తిరగేసే పేపరే గుర్తొస్తుంది. ఆ పేపరు ఊరికే రాలేదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. తర్వాత యూజీసీ ఆరు నెలల పాఠ్యప్రణాళిక ఇచ్చింది. దగ్గర్లోని నదినో, అడవినో, కాలుష్యం కమ్మిన చోటునో స్వయంగా చూసి రాయాలన్న భాగం అందులో ఉంది. నా దృష్టిలో ప్రాణమంతా అక్కడే. పాత రికార్డులు చూసి దాన్ని దించేస్తుంటే బాధేస్తుంది.

ఇక పర్యావరణ శాస్త్రాన్నే ప్రధాన సబ్జెక్టుగా చదివే అమ్మాయి చెరువులోకి దిగి, గాలిబుడగ లేకుండా సీసా నింపుతుంది. మాంగనీస్ సల్ఫేటు, క్షారంలో కలిపిన అయొడైడు వేసి మూత బిగించి తిప్పుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. తెల్లగానే ఉండిపోతే, ఆ నీళ్లలో చేపకు ఊపిరి లేనట్టే.

అయితే రసాయనం ఒక్కటే వస్తే చాలదు. కొల్లేరునే తీసుకోండి. 1999లో అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు తెంచారు. ఆ సరస్సును చదవాలంటే గూడబాతుల గురించీ తెలియాలి, చట్టమూ తెలియాలి, వల మీద బతికే కుటుంబాల గోడూ వినాలి.

ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడగడం సహజమే. నీటి పరీక్ష ల్యాబులున్నాయి, కాలుష్య నియంత్రణ మండళ్లున్నాయి, పైచదువులూ ఉన్నాయి. మీ పిల్లలు ఈ కోర్సు అడిగితే వెంటనే కాదనకండి.