మడిచిపెట్టిన పుట

యుద్ధపు దారుణములు పత్రికలో బొమ్మలుగా అచ్చైన దినమున, మడివాళలోని మన యిండ్ల పెద్దలు ఆ పుటను మడిచిపెట్టుదురు. మేమును అట్లే చేసితిమి. అది సరియేనా?

1876-78 నాటి క్షామము దత్తమండలములను, ఈ మైసూరు సీమను కాల్చినపుడు, మద్రాసు సైన్యాధికారి హూపరు ఎముకల గూళ్లయిన మనుజులను వరుసగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసెను. (బొమ్మకు ముందు గంజి గదా!) అతడే 1886లో, మాండలేలో బర్మీయులను కాల్చి చంపు వేళ, కెమెరా సిద్ధమగువరకు ఆజ్ఞను ఆలసింపజేసెనని నిందపడి విచారణకు లోనయ్యెను.

తీసినవాని దోషము చూచువానికి అంటునా? అంటదని మా తలంపు. ఆ బొమ్మలను దాచియుంచినచో మన పూర్వుల ఆకలికి కంటి సాక్ష్యము కరవయ్యెడిది; హూపరు నిర్దయకును అంతే. పసివారికి వలదు గాని, పెద్దలకు చూపవలసినదే. అయితే, తీసినదెవరో, ఏ సందర్భమున తీసెనో ప్రక్కన వ్రాయక చూపుట మాకు సమ్మతము కాదు.