ఇప్పటికి అనుకుందాం

పదకొండేళ్ల కిందటి మాట. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక హైదరాబాదులో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు టీచరుగా చేరాను. రెండో ఏడాది ఒక శనివారం సాయంత్రం ఏడో తరగతి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. ప్రశ్న నేను తయారుచేసిందే. "లవణ ద్రావణంలో లిట్మస్ కాగితం ముంచితే ఏమవుతుంది? ఎందుకు?" రెండు మార్కులు. రావాల్సిన జవాబు: రంగు మారదు, ఎందుకంటే ఆమ్లమూ క్షారమూ కలిసి ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టి లవణం, నీరు ఏర్పడతాయి కాబట్టి లవణం తటస్థం.

నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది అలాగే రాశారు. ఒక అమ్మాయి వేరేగా రాసింది. ఆ బడి ఇంగ్లీషు మీడియం, జవాబు కూడా ఇంగ్లీషులోనే ఉంది, నేను తెలుగులో చెప్తున్నాను: "అన్ని లవణాలూ ఒకటి కాదు. ఉప్పునీళ్లలో ఏమీ అవ్వలేదు. బట్టల సోడా నీళ్లలో పసుపు గుడ్డ ఎర్రగా అయింది. సోడా కూడా లవణమే అని మీరు చెప్పారు."

నేను సున్నా వేశాను.

ఎంతసేపు ఆలోచించి వేశానో చెప్తే ఇంకా సిగ్గేస్తుంది. చేతిలో ఎర్ర పెన్నుంది, పక్కన ఇంకో సెక్షన్ కట్ట ఉంది. అడిగింది లిట్మస్ గురించి, ఈ పిల్ల పసుపు గుడ్డ గురించి రాసింది, ప్రశ్నకు జవాబు కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. సోమవారం ఆ అమ్మాయి స్టాఫ్ రూముకి వచ్చింది. ఒక చేతిలో పేపరు, ఇంకో చేతిలో నాలుగు మడతలు పెట్టిన గుడ్డ ముక్క. గుడ్డ అంతా పసుపు, మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రటి మరక.

"మేడం, ఇది చూడండి."

"పరీక్షలో క్లాసులో చెప్పింది రాయాలమ్మా."

"మరి ఇదేంటి మేడం?"

"అది పై తరగతుల్లో వస్తుంది. అప్పుడు తెలుస్తుంది."

సరే మేడం అని వెళ్లిపోయింది. గొడవ చెయ్యలేదు, ఏడవలేదు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

*

ఆ పిల్ల చేసింది చాలా చిన్న పని. పసుపు, సున్నం కలిపితే ఎర్రగా అవుతుందని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. పారాణి పెట్టేది దాంతోనే, దిష్టి తీసే ఎర్రనీళ్లు కలిపేదీ దాంతోనే. చొక్కా మీద పడ్డ పప్పుచారు మరకకు సబ్బు రాయగానే ఎర్రబడటం ప్రతి అమ్మా చూసే ఉంటుంది. పసుపు క్షారాన్ని పసిగట్టే సూచిక. ఆ సంగతి ఏడో తరగతి పుస్తకంలోనూ ఉంది, నేనూ చెప్పాను. ఆ అమ్మాయి దాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లింది. మేడం లవణం అన్న వస్తువు దగ్గర క్షారాన్ని పసిగట్టే పసుపు ఎందుకు ఎర్రబడింది?

జవాబు కష్టమేమీ కాదు. ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, బలమైన ఆమ్లానికీ బలమైన క్షారానికీ పుట్టింది. నీళ్లలో వేస్తే దేని పక్షానా నిలబడదు. బట్టల సోడా సోడియం కార్బొనేట్. దాని ఒక మూలం సోడియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. రెండో మూలం కార్బొనికామ్లం, గోలీసోడాలో ఉండే బలహీనమైన ఆమ్లం. సోడాను నీళ్లలో కరిగిస్తే కార్బొనేట్ అయాను నీటి దగ్గర్నుంచి ఒక హైడ్రోజన్ అయానును లాక్కుంటుంది, హైడ్రాక్సైడ్ అయాను మిగిలిపోతుంది. పసుపును ఎర్రగా చేసేది అదే. ఇటు నుంచి అటు కూడా జరుగుతుంది. గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం, గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక, తోటలకు కొట్టే మందులో కలిపే మైలుతుత్తం కూడా లవణాలే, కానీ నీళ్లలో కరిగితే ఆమ్లం వైపు మొగ్గుతాయి. ఆఖరికి సబ్బు కూడా లవణమే.

ఆమ్లం, క్షారం సరిసమానంగా కలిస్తే కచ్చితంగా తటస్థం అన్న మాట కూడా అన్నిచోట్లా నిలవదు. డిగ్రీ ల్యాబులో ఎసిటికామ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో ఎన్నిసార్లు టైట్రేషన్ చేశానో లెక్కలేదు. ప్రతిసారీ ఫినాఫ్తలీనే వెయ్యాలి, మిథైల్ ఆరంజ్ పనికిరాదు అనేవారు. ఎందుకంటే అక్కడ రెండూ సరిపోయే చోటు పీహెచ్ 7 దగ్గర కాదు, 8 దాటాక ఉంటుంది. ఆ సంగతి నా చేతికి మూడేళ్లుగా తెలుసు. నోరు మాత్రం పిల్లలకు "లవణం తటస్థం" అని చెప్తూనే ఉంది.

నేను పుస్తకం మీదకు తోసెయ్యడానికీ వీల్లేదు. అప్పట్లో మా పిల్లలు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో లవణం ఆమ్ల స్వభావంతోనో, క్షార స్వభావంతోనో, తటస్థంగానో ఉండొచ్చని ఒక్క వాక్యం ఉంది. నేను దాన్ని చదివి దాటేశాను. ఇక్కడ ఆగితే గంట సరిపోదు, పైగా ప్రశ్నల బ్యాంకులో లేదు.

*

అసలు నన్ను ఇన్నేళ్లుగా వదలని ప్రశ్న ఇది. పిల్లలకు సులువు చెయ్యడం కోసం చెప్పే సగం నిజం అబద్ధమేనా? అబద్ధమే అయితే, టీచర్లందరం రోజూ చేస్తున్నది ఏమిటి?

మా సీనియర్ సార్ ఒకాయన ఉండేవారు, ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన దగ్గర ఈ సంగతి ఎత్తితే నవ్వారు. "నీకు ఈత వచ్చా? మొదట గట్టు పట్టుకునే నేర్చుకున్నావు కదా. గట్టు పట్టుకుంటే అది ఈత కాదని ఎవరన్నా అన్నారా? నియమం ముందు నిలబడనీ. నిలబడని దాన్ని వంచలేవు" అన్నారు. ఆ మాటలో బలముంది. పన్నెండేళ్ల పిల్లలకు అయాన్లు, జలవిశ్లేషణ, బలమైన ఆమ్లం, బలహీనమైన ఆమ్లం అన్నీ మొదటిరోజే కుమ్మరిస్తే పాఠం కాదు, వరద. ఇంకో మాట కూడా అన్నారు. "ఆ పిల్లకి రెండు మార్కులు వేస్తే, నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసిన ముప్పై తొమ్మిది మంది సంగతేంటి? నువ్వు చెప్పింది నమ్మడం వాళ్ల తప్పా?"

దీనికి నా దగ్గర చాలాకాలం జవాబు లేదు.

సైన్సు చరిత్ర కూడా ఆయన పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఒక వాయువు అనుకుని లవోయిజే దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు, ఆమ్లాన్ని పుట్టించేది అని అర్థం. హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజనే లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. ఊహ పోయింది, పేరు మిగిలింది. మన పాత తెలుగు పుస్తకాలు ఆ పేరుని శ్రద్ధగా అనువదించుకుని "ఆమ్లజని" అన్నాయి. డేవీ కాదన్న తప్పుని మనం సంస్కృతంలో పెట్టి పిల్లల చేత బట్టీ పట్టించాం. తర్వాత అర్హీనియస్ వచ్చి నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు ఇచ్చేది ఆమ్లం అన్నాడు. 1923లో డెన్మార్కులో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ విడివిడిగా ఇంకో నిర్వచనం ఇచ్చారు. అదే ఏడాది అమెరికాలో లూయిస్ మరొకటి ఇచ్చాడు. ఒక్కొక్కటీ ముందుదాన్ని సగం నిజం చేసింది. మరి ఏడో తరగతిలో సగం నిజం చెప్పడం అంత పాపమా?

కానీ ఇదే చరిత్రలో ఇంకో సంగతుంది. అయాన్ల ఊహకు పునాది వేసిన సిద్ధాంత వ్యాసాన్ని అర్హీనియస్ 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి ఇచ్చినప్పుడు పరీక్షకులు చాలా తక్కువ శ్రేణి వేశారు. ఆ పనికే 1903లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పరీక్షకులు మూర్ఖులు కారు. తమకు తెలిసిన రసాయనశాస్త్రం ప్రకారం నిజాయితీగానే దిద్ది ఉంటారు. వాళ్లకూ నాకూ తేడా ఒకటుంది, అది నాకు అనుకూలం కాదు. వాళ్లకు జవాబు తెలియదు. నాకు తెలుసు.

*

ఇప్పుడు ఆలోచిస్తే మూడు వేర్వేరు పనుల్ని నేను ఒకే "సులువు చెయ్యడం" కింద కట్టేశాననిపిస్తుంది.

మొదటిది వదిలెయ్యడం. "ఉప్పునీళ్లు లిట్మస్ రంగు మార్చవు" అని చెప్పి ఊరుకోవడం. ఇందులో అబద్ధం లేదు. చెప్పనిది చాలా ఉంది, అంతే. రెండోది చాచడం. "లవణాలు లిట్మస్ రంగు మార్చవు" అనడం. ఒక్క ఉప్పు గురించి నిజమైనదాన్ని మొత్తం వంశానికి అంటగట్టడం. మూడోది, అలా చాచిన మాట ఎక్కడ చిరిగిందో ఒక పిల్ల చూపిస్తే ఆ చూపించడానికి సున్నా వెయ్యడం.

సీనియర్ సార్ వాదన మొదటిదానికి చక్కగా సరిపోతుంది. రెండోదానికి కొంతవరకు. మూడోదానికి అస్సలు సరిపోదు. గట్టు పట్టుకుని ఈత నేర్చుకుంటున్న పిల్ల ఒకరోజు గట్టు వదిలి నాలుగు బారలు వేస్తే ఆవిణ్ణి ఫెయిల్ చెయ్యం కదా.

నాకు టైము లేదన్న సాకు కూడా నిలవదు. నా ప్రశ్నలో "లవణ ద్రావణం" అన్న చోట "ఉప్పునీళ్లు" అని ఉంటే ప్రశ్న పూర్తిగా నిజమయ్యేది. నలభై మందికీ అదే జవాబు, అవే మార్కులు, ఒక్క నిమిషం కూడా ఎక్కువ పట్టేది కాదు. నిజం ఖరీదు ఒక్క మాట. ఆ ఒక్క మాట దగ్గర నేను పీనాసితనం చేశాను.

ముప్పై తొమ్మిది మంది సంగతికీ ఇప్పుడు జవాబుంది. వాళ్లకు మార్కులు ఇవ్వాల్సిందే, నా మాట నమ్మారు కాబట్టి. ఆ అమ్మాయికీ ఇవ్వాల్సిందే, నా మాట పరీక్షించింది కాబట్టి. రెండూ ఒకేసారి ఇవ్వడానికి అడ్డు ఏమిటి? నేను తప్పు ప్రశ్న ఇచ్చానని క్లాసులో నిలబడి ఒప్పుకోవాలి. ఆ ఒక్కటే అడ్డు. అంటే నేను న్యాయం అనుకుని కాపాడింది నా పరువుని.

ఇలాంటి సగం మాటలు మార్కులతో ఆగవు కూడా. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి "చల్లారుస్తాయి" అనుకున్న పిల్లవాడు చేతి మీద ఆమ్లం పడితే సోడానో సున్నమో పోస్తే సరి అనుకోవచ్చు. నిజానికి తటస్థీకరణంలో వేడి పుడుతుంది. బలమైన ఆమ్లం, బలమైన క్షారం అయితే ఏర్పడే ప్రతి మోలు నీటికీ దాదాపు 57 కిలోజౌళ్లు. చర్మం మీద ఆమ్లం పడితే చెయ్యాల్సింది కుళాయి కింద ధారాళంగా, చాలాసేపు కడగటం. ఇది కూడా ఆ పాఠంలో భాగమే. నేను చెప్పలేదు.

*

వార్షిక పరీక్షల్లో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది, ఈసారి నాలుగు ఆప్షన్లతో. ఆ అమ్మాయి పేపరు నా కట్టలోనే వచ్చింది. "రంగు మారదు" దగ్గర శుభ్రంగా టిక్కు పెట్టింది. కొట్టివేత లేదు, పక్కన చిన్న గీత కూడా లేదు. మార్కు వేశాను. కీ ప్రకారం అది రైటు.

సున్నా వేసినరోజు లేని బాధ ఆరోజు కలిగింది. ఆవిడకి తెలిసే పెట్టింది. పరీక్షకు ఒక జవాబు, పసుపు గుడ్డకు ఒక జవాబు ఉంటాయని నేర్చుకుంది. రెండూ కలవకుండా పెట్టుకోవడం కూడా నేర్చుకుంది. ఆ ఏడాది నేను ఆ పిల్లకు చెప్పిన పాఠాల్లో అది బాగా ఒంటబట్టినట్టుంది. నేనూ అలాగే నేర్చుకుని వచ్చినదాన్నే కాబట్టి వెంటనే గుర్తుపట్టాను. ఫినాఫ్తలీనే ఎందుకు అని మూడేళ్లలో నేనొక్కసారి కూడా అడగలేదు.

బడి మానేసి చాలాకాలమైంది. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఐదారుగురు వస్తే సైన్సు చెప్తుంటాను. లెక్కల మాస్టార్ల దగ్గర్నుంచి ఒక మాట అరువు తెచ్చుకున్నాను. ఆల్జీబ్రాలో "దీన్ని ఎక్స్ అనుకుందాం" అంటారు కదా. అనుకుందాం. ఎక్స్ అని ఎవరూ ఒట్టు పెట్టడం లేదు, పని జరగాలి కాబట్టి అందరం కలిసి ఒప్పుకుంటున్నాం. నేనూ అలాగే "ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు. ఇప్పటికి అనుకుందాం" అంటాను. తర్వాత ఐదు గిన్నెల్లో ఉప్పు, బట్టల సోడా, వంటసోడా, పటిక, సబ్బునీళ్లు పెట్టి పసుపు గుడ్డలు చేతికిస్తాను. పటిక దగ్గర పసుపు మారదు, దానికి మందారపూల రసం కావాలి. అరగంట పడుతుంది. సిలబస్ ఏమీ కూలిపోలేదు.

"మరి స్కూల్లో తటస్థం అనే రాయాలా ఆంటీ?" అని మొన్న ఒకడు అడిగాడు. మార్కులు కావాలంటే అదే రాయమన్నాను, కింద ఒక వాక్యం ఎక్కువ రాయమని కూడా అన్నాను. ఆ వాక్యానికి మార్కు రాకపోవచ్చని, పోవచ్చని కూడా చెప్పాను. ఇది సరైన సలహానో కాదో ఇంకా తేల్చుకోలేదు. వాడికి మార్కులు పోతే పోగొట్టినదాన్ని నేనే అవుతాను, ఇంకోసారి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఇంజినీరింగో ఇంకేదో పూర్తయి ఉంటుంది. నన్ను గుర్తుపెట్టుకునే కారణమూ లేదు. ఆ రెండు మార్కులు ఇప్పుడు వేసినా ఏ లెక్కలోకీ రావు. ఆ పేపరు నా దగ్గరుంటే మాత్రం వేసేదాన్ని.